గట్టు పక్క పట్టీ

భీమరాజు గారిని ఏది అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే: "కుదరదు."

కాఫీలో పంచదార తగ్గించుకోమంటే కుదరదు. ఇంటి మీదికి వాలిన మునగచెట్టు కొట్టించమంటే కుదరదు. ఎదురింటి వాళ్ళ పెళ్ళికి రెండు మడత మంచాలు ఇవ్వమంటే కుదరదు. అడిగేవాళ్ళు మాట పూర్తి చెయ్యకముందే వచ్చేసేది ఆ ముక్క, గేటు చప్పుడు కాగానే కుక్క మొరిగినట్టు. ఈ పోలిక బయటివాళ్ళది కాదు, ఆయన భార్య చిన్నమ్మాయి గారిదే. ఆయన పోయాక కూడా ఆవిడ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడకి ఈ సంగతి తెలియదు. నరసాపురం పక్కన లేసులల్లే ఊళ్ళో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచీ తల్లి పక్కన కూర్చుని అల్లిన చేతులు. అత్తారింట్లో మధ్యాహ్నం పూట ఆ చేతులకి ఏమీ తోచేది కాదు. ఒకరోజు ధైర్యం చేసి, "కాస్త దారం, ఒక సూదీ తెచ్చిపెడతారా?" అని అడిగారు. "కుదరదు" అన్నారాయన. ఆవిడ గదిలోకి వెళ్ళి చీర చెంగు తడిసేదాకా ఏడ్చారు. కొన్నాళ్ళకి పొద్దున్నే లేచి చూస్తే కిటికీలో తెల్లటి దారపు ఉండలు, పక్కనే సూది.

"ఇవెక్కడివండీ?"

"సంతలో ఎవడో అంటగట్టాడు. పారేద్దామంటే మనసొప్పలేదు," అని ఆయన గడ్డం గీసుకోవడంలో మునిగిపోయారు.

ఆ దారం ఏ సంతలోనూ దొరకదు. దానికోసం ఆయన సైకిలు మీద నరసాపురం వెళ్ళొచ్చారని అత్తగారు చెబితే గాని తెలియలేదు. "వాడు కుదరదన్నాడంటే మాట చెవిన పడిందని అర్థమే, పిచ్చిదానా. వాడి మొదటి జవాబు నోటితో చెప్తాడు. రెండోది చేతుల్తో చేస్తాడు. మధ్యలో నువ్వు మళ్ళీ అడక్కూడదంతే," అని ఆవిడ కోడలి కళ్ళు తుడిచారు. ఇంట్లో అందరూ అలాగే బతకడం నేర్చుకున్నారు. మునగచెట్టు ఒక ఆదివారం దానంతట అది పడినట్టు పడిపోయింది. మడత మంచాలు పెళ్ళివారి అరుగు మీద తెల్లారేసరికి ఉన్నాయి. కాఫీలో పంచదార సంగతి మాత్రం చివరిదాకా తేలలేదు.

ఆయన్ని తలుచుకుంటే చిన్నమ్మాయి గారికి ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది. ఏడుపు ఆ వెనకాలే వస్తుంది.

ఇంట్లోవాళ్ళకి తెలిసిన ఈ రహస్యం ఊళ్ళో తెలిసినవాడు ఒక్కడే ఉండేవాడు, చంద్రరావు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే కాలవలో ఈత నేర్చుకున్నవాళ్ళు. ఏ చుట్టరికమూ లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళు. చంద్రరావు ఏదైనా అడగడం, భీమరాజు కుదరదనడం, చంద్రరావు పక్కకి తిరిగి ముసిముసిగా నవ్వుకుని వెళ్ళిపోవడం, తెల్లారేసరికి ఆ పని అయిపోవడం. అలాంటి ఇద్దరూ విడిపోవడానికి కారణం ఒక గడ్డిబండి.

ట్రాక్టర్లు ఇంకా ఊరి మీద పూర్తిగా పడని రోజులవి. కాలవ గట్టు వెడల్పు ఒక్క బండికే సరిపోయేది. ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తే ఏం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఖాళీ బండి వాలు దిగి నిలబడాలి, బరువు బండి పోవాలి. తోలేవాడు ఎన్ని ఎకరాల ఆసామి అన్నది ఎవరూ చూసేవారు కాదు. ఖాళీ బండి దిగడం చిన్నతనం అని అనుకున్నవాడు ఆ గట్ల మీద ఎవడూ ఉండేవాడు కాదు.

ఆ రోజు మాత్రం రెండూ బరువు బళ్ళే అయ్యాయి. మిల్లుకి ధాన్యం బస్తాలు వేసుకుని భీమరాజు ఇటు నుంచీ, మేట వెయ్యడానికి వరిగడ్డి వేసుకుని చంద్రరావు అటు నుంచీ వచ్చి గట్టు మధ్యలో ముఖాముఖీ ఆగారు.

"దిగు బావా. గడ్డి కూడా ఒక బరువేనా?" అన్నారు భీమరాజు.

"కట్టిన బండి కట్టిన బండే. నా బండి ఖాళీగా కనపడతందా నీకు?" అన్నారు చంద్రరావు.

ముందు హాస్యంగానే మొదలైంది. రెండు వైపులా వెనక మరికొన్ని బళ్ళు ఆగాక, గట్టు మీద పదిమంది చేరి బస్తా బరువా గడ్డి బరువా అని పక్షాలు కట్టాక, హాస్యం కాస్తా పంతంలో పడింది. ఎండెక్కింది. ఎడ్లని విప్పారు. ఇంటికి కబురొస్తే చిన్నమ్మాయి గారు కేరేజీ పట్టుకుని గట్టు దాకా వెళ్ళారు. ఆయన తన బండి కింద కూర్చుని తింటుంటే, చంద్రరావు తన బండి కింద కూర్చుని తిన్నారు. మామూలు రోజుల్లో అయితే ఆ రెండు కేరేజీలూ ఒకే చోట విప్పేవాళ్ళు. అది చూసి ఆవిడకి మనసు చివుక్కుమంది గాని, కొత్త కోడలు, నోరు మెదపలేదు.

సాయంత్రమవుతుండగా భీమరాజు గారి ఎడ్లకి ఆకలేసింది. అవి నెమ్మదిగా ముందుకెళ్ళి, చంద్రరావు బండిలోంచి నిమ్మళంగా గడ్డి లాక్కుని తినడం మొదలుపెట్టాయి.

"బరువు కాదన్నావు కదా బావా! నీ ఎడ్లు బరువు తగ్గిస్తన్నాయి చూసుకో," అన్నారు చంద్రరావు. గట్టంతా గొల్లుమంది. ఎవరి పక్షంవాళ్ళు ఎవరో కూడా మర్చిపోయి నవ్వారు.

భీమరాజు నవ్వలేదు. పంచె బిగించి, బండి మీది బస్తాలు ఒక్కొక్కటే వీపు మీద వేసుకుని వాలు దించి కింద పేర్చారు. సాయం వచ్చినవాళ్ళని దగ్గరికి రానివ్వలేదు. ఆఖరి బస్తా దించాక ఎడ్లని కట్టి, బండిని వాలు కిందికి తోలి నిలబెట్టి, "ఇప్పుడు ఖాళీ బండి. దిగాను. పో," అన్నారు. కట్టుబాటుకి దిగారు గాని మనిషికి దిగలేదని ఆయన లెక్క.

చంద్రరావు అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బండి తోలుకుపోతూ, "ఎలాగైతేనేం, దిగావు కదా బావా," అన్నారు. ఆ మాటలో విషమేమీ లేదు. చిన్నప్పటి నుంచీ ఆడుకున్న నోరు. కానీ వెనక ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు.

"ఇక మీదట నా చేలో నీ బండి చక్రం పడదు," అన్నారు భీమరాజు.

"నేను అడిగితే కదా!" అన్నారు చంద్రరావు.

ఆ రెండు మాటలే. అప్పట్లో ఊళ్ళో ఎవరికీ అవి పెద్ద మాటలుగా వినపడలేదు. వాటి బరువు తెలియాలంటే ఆ చేలు ఎక్కడున్నాయో తెలియాలి. పుంత దారిని ఆనుకుని భీమరాజు గారి చేను. దాని వెనక చంద్రరావు గారి చేను. ఆ వెనక మురుగుకాలవ. చంద్రరావు పంట బయటికి రావాలంటే భీమరాజు చేలోంచే రావాలి, ఇంకో దారి లేదు. తాతల నాటి నుంచీ అలాగే వస్తోంది. ఆ గడ్డిబండి రోజు నుంచి రావడం ఆగిపోయింది. చంద్రరావు కూలీల చేత కోయించి, మోపులు నెత్తిన పెట్టించి, ఒక మనిషి మాత్రమే నడవగల గట్టు మీంచి పుంతలోకి మోయించుకునేవారు. ఆయన అడగలేదు, ఈయన రమ్మనలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకరు పందిట్లో ఉండగా ఇంకొకరు వంటల దగ్గరికి వెళ్ళేవారు.

ఆ మరుసటి తొలకరిలో భీమరాజు గారు కొత్త చాదస్తం మొదలుపెట్టారు. చేనంతా ఆలస్యంగా పండే స్వర్ణ రకం వరి వేసి, తూర్పు గట్టు పక్కన మాత్రం పుంత నుంచి చేను చివరిదాకా ఒక పట్టీలా వదిలి, దాంట్లో తొందరగా పండే పొట్టిరకం నాటించారు. మిగతా చేను ఇంకా పచ్చగా ఉండగానే ఆ పట్టీ పండిపోయేది. కోయించి, ఆ నేలని ఉత్తగా వదిలేసేవారు. చుట్టూ చేలల్లో అందరూ మినుములు చల్లుకుంటున్నా దాంట్లో చల్లనిచ్చేవారు కాదు. గేదెని కట్టెయ్యనిచ్చేవారు కాదు. చంద్రరావు గారి చేను కోతలైపోయి మోపులన్నీ పుంత చేరాక అప్పుడు దాంట్లో అరక దిగేది.

"ఎందుకండీ ఇదంతా?" అని చిన్నమ్మాయి గారు అడిగితే, "పొట్టివడ్ల అటుకులు బావుంటాయి," అన్నారు.

అటుకులంటే ఆయనకి ఎప్పుడూ పెద్ద ఇష్టం లేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. మళ్ళీ అడక్కూడదనేది ఆ ఇంట్లో అలవాటైపోయింది.

అలా ఏళ్ళు గడిచాయి. బళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. గట్టు మీద తారు పడింది. సైకిలు పోయి ఆయనకి మోపెడ్ వచ్చింది. కూతురు లావణ్య చదువుకుని రాజమండ్రిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతోంది. ఒకసారి ఆ పిల్ల కారులో నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఊరికి వస్తుంటే, గట్టు రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే చోట తలకిందులుగా ఉన్న ముక్కోణం బోర్డు కనిపించింది.

"ఏంటే ఆ బోర్డు?"

"గివ్ వే అని నాన్నా. పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్ళకి మనం దారివ్వాలి."

"మనది బరువు బండైనానా?"

"అయినా సరే."

"అదేం న్యాయం!" అన్నారాయన. దారి పొడుగునా ఊరుకోలేదు. చివరికి లావణ్య విసుగు నవ్వులోకి తిప్పుకుని, పిల్లలకి చెప్పినట్టు చెప్పుకొచ్చింది. ఆ మాటకి ఇంగ్లీషులో చాలా పనులున్నాయట. బండికి దారిచ్చినా గివ్ వేనే. వరదకి గట్టు తెగినా అదే. బరువు మొయ్యలేక కాళ్ళు కూలబడినా అదే. కోపం పోయి ఆ చోట నవ్వొచ్చినా, పాతది పోయి కొత్తది వచ్చినా అదే. "వాదనలో మీలాంటివాళ్ళు ఎప్పుడైనా ఒక మెట్టు దిగారనుకోండి, దానికీ ఆ మాటే," అంది.

వెనక సీట్లో ఉన్న చిన్నమ్మాయి గారికి ఆయన మెడ మాత్రమే కనపడుతోంది. ఆ మెడ కాసేపు కదలలేదు.

"గట్టు తెగడానికీ, మనిషి దిగడానికీ ఒకటే మాటెలా పెట్టారే? గట్టు తెగితే ఊరు మునుగుద్ది."

"మనిషి దిగితే ఏమీ మునగదు నాన్నా."

ఇల్లు చేరి కారు దిగుతూ, "వాళ్ళకి మాటలు తక్కువ గామోసు," అన్నారు.

ఊళ్ళోకి కోత మిషను మొదటిసారి వచ్చిన ఏడు ఆయన పనిగట్టుకుని వెళ్ళి చూశారు. చుట్టూ తిరిగి చూశారు, డ్రైవరుతో మాట్లాడారు, చేతికర్ర అడ్డం పెట్టి దాని వెడల్పు కూడా కొలిచారు. కొంటారేమోనని ఊళ్ళో అనుకున్నారు. ఆయన మిషను కొనలేదు. ఆ మరుసటి నాట్లలో గట్టు పక్క పట్టీని మాత్రం వెడల్పు చేయించారు.

"పొట్టివడ్లకి ఇంత నేలా? అటుకులు ఊరంతా పంచుతారా ఏంటి?" అని చిన్నమ్మాయి గారు కోప్పడ్డారు.

"కుదరదు," అన్నారాయన. ఆవిడ ఏదీ కావాలని అడగకుండానే ఆ మాట రావడం అదే మొదలు. అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు. కూరలో ఉప్పు చూసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ ఇప్పటికీ తన నెత్తి తనే కొట్టుకుంటారు.

ఈ ఏడు ఆషాఢంలో భీమరాజు గారు పోయారు. పొద్దున్నే మోపెడ్ తుడుస్తూ తుడుస్తూ అరుగు మీద కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. ఊరంతా వచ్చింది. చంద్రరావు గారు కూడా వచ్చారు. గుమ్మం లోపలికి రాలేదు. గేటు బయట వేపచెట్టు దగ్గర తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, అందరితో పాటు చివరిదాకా నడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

చేను చాలా ఏళ్ళుగా సత్తియ్య కౌలు చేస్తున్నాడు. ఆ దుఃఖంలో, ఆ హడావుడిలో నాట్లు పక్షం రోజులు వెనకబడ్డాయి. సత్తియ్య వచ్చి అడిగాడు.

"గట్టు పక్క పట్టీ ఎప్పట్లాగే పొట్టిరకం ఏసెయ్యమంటారాండీ?"

"ఆయన చాదస్తం ఆయనతోనే పోయింది సత్తియ్యా. అంతా ఒకటే వేసెయ్యి," అన్నారు చిన్నమ్మాయి గారు. ఆ పూట ఆవిడకి ఏ చేను ఎలా పోయినా ఒకటే అనిపించింది.

కార్తీకం దాటుతుండగా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఫోన్లన్నీ ఒకేసారి గీపెట్టాయి. ఎల్లుండికి తీరం దాటుతుందని, కోసిన పంట భద్రపరుచుకోవాలని, పండిన పంట వెంటనే కోసుకోవాలని మెసేజీలు వచ్చాయి. చేలో నీళ్ళు నిలబడకుండా బోదెలు తీయించాలని చిన్నమ్మాయి గారు సత్తియ్యనీ, అతని భార్య లక్ష్మినీ వెంటబెట్టుకుని పొద్దున్నే చేలోకి వెళ్ళారు.

పుంత మీద చైను చక్రాల కోత మిషను ఒకటి ఆగి ఉంది. డ్రైవరు దాని నీడలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తమ చేను ఇంకా లేతపసుపులో ఉంది, కోతకి పది రోజులు పడుతుంది. దాని వెనక చంద్రరావు గారి చేను నిండా పండి, కంకులు బరువుకి వంగిపోయి ఉంది. గాలి గట్టిగా కొడితే పడిపోతుంది, పడ్డది నీళ్ళలో మొలకెత్తుతుంది. చంద్రరావు గారు తలకి తువ్వాలు చుట్టుకుని గట్టు మీద ఒక్కరే కూర్చున్నారు. ఆయన తన చేను వైపు చూడటం లేదు. చిన్నమ్మాయి గారి చేను తూర్పు అంచుకేసి చూస్తున్నారు.

"మనుషులు దొరకలేదంటండి. తుఫానని అందరూ ఎవరి చేలల్లో వాళ్ళున్నారు," అన్నాడు సత్తియ్య. కాసేపు ఆగి, నేలచూపులు చూస్తూ, "ఆ పట్టీ ఏసుంటే ఈపాటికి మిషను లోపలుండేదండి," అన్నాడు.

చిన్నమ్మాయి గారు గట్టు మీద అలాగే నిలబడిపోయారు.

అటుకులు కాదు. చేతికర్రతో మిషను వెడల్పు కొలిచిన మనిషి, ఆ ఏడే పట్టీ వెడల్పు చేసిన మనిషి, మినుములు చల్లనివ్వని మనిషి, చంద్రరావు కోతలయ్యేదాకా అరక దించనివ్వని మనిషి. కుదరదని గట్టు మీద నోటితో అన్నారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ చేతుల్తో రెండో జవాబు చెబుతూనే ఉన్నారు. ఆ జవాబుని ఈ ఏడు తనే పీకించేసింది. ఆవిడ లక్ష్మి భుజం పట్టుకున్నారు.

ఆ తర్వాత తిన్నగా గట్టు వెంట నడిచి చంద్రరావు గారి ముందు నిలబడ్డారు. కాపురానికొచ్చాక ఆయనతో ఆవిడ మాట్లాడటం అదే మొదలు.

"అన్నయ్యగారూ, మిషను తోలించండి. మా చేలోంచి రానివ్వండి."

చంద్రరావు గారు కంగారుగా లేచి నిలబడ్డారు. "వద్దు చెల్లెమ్మా. పచ్చిచేను. మిషను తొక్కితే అంతా బురదపాలైపోద్ది. సత్తియ్య కష్టం."

"సత్తియ్యకి నేను చెప్పుకుంటాను."

"అది కాదమ్మా. బావ బతికుండగా ఇవ్వని దారి. వాడు లేడు కదాని ఆ చేలో కాలెడితే నేను మనిషినవుతానా? పంట పోతే పోనీ."

చిన్నమ్మాయి గారికి ఒళ్ళు మండింది. ఇద్దరి మీదా మండింది, పోయినాయన మీదా, ఉన్నాయన మీదా. "ఇవ్వలేదా? ఆ పట్టీ ఏటేటా ఎవరికోసం కోయించి ఉత్తగా పడేశారనుకున్నారు? మీకు కళ్ళు లేవా అన్నయ్యగారూ?"

చంద్రరావు గారు మళ్ళీ ఆ తూర్పు అంచుకేసి చూశారు.

"చూశానమ్మా," అన్నారు. "మొదటేడే చూశాను. బండి పట్టేంత. తరవాత మిషను పట్టేంత. ఏటా ఈ గట్టు మీదే కూర్చుని చూశాను. ఒక్కసారి 'రా బావా' అంటాడని."

"మీరొక్కసారి అడుగుతారని ఆయన."

తుఫాను రాబోయే ముందు ఉండే ఉక్కపోత. గాలి లేదు.

చిన్నమ్మాయి గారు వెనక్కి తిరిగి వచ్చారు. "సత్తియ్యా, పంట నీది. నీ మాట లేకుండా నేను చెయ్యను. ఈ పట్టీ మేర మనం చేత్తో కోసేద్దాం. మిషను తొక్కితే గింజ దక్కదు, చేత్తో కోస్తే పనలు మా సావిట్లో ఆరబెట్టుకోవచ్చు. పోయినంత మేరా కౌల్లో తగ్గించుకో."

"ఆయ్, అలాగేనండి. రాజుగారుంటే మనకీ పనే లేదండి," అంటూ సత్తియ్య అప్పటికే మొలలో కొడవలి తీస్తున్నాడు.

లక్ష్మి చేతిలో కొడవలి చిన్నమ్మాయి గారు తీసేసుకున్నారు. "అమ్మగారండీ, చెయ్యి తెగుద్దండీ!" అని ఆ పిల్ల లబలబలాడింది. ఆవిడ వినలేదు. చెంగు బిగించి మడిలోకి దిగారు. బురద పిక్కల దాకా వచ్చింది. జన్మంతా సూదీ దారం పట్టిన వేళ్ళు, వరి ఎలా పట్టుకోవాలో తెలియదు. కంకుల దగ్గర పట్టుకుని కొడవలితో లాగుతుంటే సగం తెగుతోంది, సగం పీక్కుని వస్తోంది. గట్టు మీంచి చూస్తున్న చంద్రరావు గారు కాసేపు ఓర్చుకున్నారు. వరి అలా ఖూనీ అవుతుంటే చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాలేదు.

"అలా కాదు చెల్లెమ్మా! మొదలు పట్టుకోవాలి, మొదలు! ఇలా తే," అంటూ తువ్వాలు నడుముకి చుట్టుకుని మడిలోకి దిగిపోయారు. దిగాక గాని ఎక్కడికి దిగారో ఆయనకి తెలియలేదు. ఒక్క క్షణం కాళ్ళకేసి చూసుకున్నారు. తర్వాత వంగి కొయ్యడం మొదలుపెట్టారు. పెద్దవయసు మనిషే గాని చెయ్యి తిరిగిన కోత. పుంత నుంచి సత్తియ్య, అటు చివర నుంచి చంద్రరావు గారు కోసుకుంటూ వచ్చారు. లక్ష్మీ చిన్నమ్మాయి గారూ పనలు ఎత్తి గట్టున వేశారు.

మధ్యాహ్నం తిరిగేసరికి తూర్పు గట్టు పక్కన పట్టీ మళ్ళీ ఉత్తగా, పుంత నుంచి చివరిదాకా తెరుచుకుని కనిపించింది. ఏటా ఈ రోజులకి అది అలాగే ఉండేది. ఆ నేల మీద ఆయన చేతికర్ర ఆనించుకుని నిలబడి లేకపోవడం ఒక్కటే తేడా. చిన్నమ్మాయి గారికి కళ్ళు నిండిపోయాయి. ఆవిడ తుడుచుకోలేదు, చేతులు బురద.

డ్రైవరు మిషను స్టార్టు చేసి పుంత అంచు దాకా తెచ్చాడు. చంద్రరావు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగరా అబ్బాయ్. ఒక్క మాట."

ఆయన నడుముకి చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ ఖాళీ పట్టీ మొదట్లో నిలబడి, అక్కడ ఎదురుగా ఎవరో ఉన్నట్టే, కాస్త గట్టిగా అడిగారు.

"బావా, నీ చేలోంచి పోవాలి. దారిస్తావా?"

డ్రైవరు అయోమయంగా సత్తియ్య వైపు చూశాడు. సత్తియ్య తల దించుకున్నాడు. జవాబు చెప్పాల్సిన మనిషి లేడు. చంద్రరావు గారు అలాగే నిలబడి ఉన్నారు, ఆ జవాబు రాకుండా అడుగు ముందుకి పడనట్టు.

గట్టు మీంచి చిన్నమ్మాయి గారు గొంతు సవరించుకున్నారు.

"కుదరదు," అన్నారు.

చంద్రరావు గారి ముఖం ఒక్కసారి విచ్చుకుంది. చిన్నప్పుడు నవ్వినట్టే పక్కకి తిరిగి ముసిముసిగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలులో ముఖం దాచుకుని భోరుమన్నారు. కాసేపటికి తేరుకుని, కళ్ళు ఒత్తుకుని, డ్రైవరు వైపు చెయ్యి ఊపారు.

"పోనీరా. ఇచ్చాడు."